స్త్రీవాద థెరపిస్టుల వృత్తి బృందాలు, హైదరాబాద్: తరచుగా అడిగే ప్రశ్నలు

పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో, మనసు బాధలతో వచ్చేవాళ్లకు థెరపిస్టుగా పనిచేస్తున్నాను. స్త్రీవాద దృష్టితో పనిచేసే థెరపిస్టులు నెలకోసారి కలిసే ఒక చిన్న బృందంలో పదకొండేళ్లుగా ఉన్నాను. ఇప్పుడిప్పుడే చదువు ముగించినవాళ్లు, వేరే ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు మొదలుపెట్టినవాళ్లు, ఒక్కోసారి థెరపీకి వెళ్తున్నవాళ్లు కూడా నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే.

స్త్రీవాద థెరపీ అంటే ఆడవాళ్లకు ఆడవాళ్లు చేసే థెరపీయా?

కాదు. తేడా అంతా బాధను చూసే చూపులో ఉంది. నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉంటోందని ఒక గృహిణి వస్తుంది. దడ తగ్గడానికి ఏ థెరపిస్టయినా కొన్ని పద్ధతులు నేర్పుతారు, అవసరమైతే మనోవైద్యుల దగ్గరకు పంపుతారు. మేమూ అదే చేస్తాం. దానితో పాటు ఇంకొన్ని అడుగుతాం. ఇంట్లో అందరికన్నా ముందు లేచేది ఎవరు? మీ ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంటుంది? పుట్టింటికి ఫోను చేయాలంటే ఎవరినైనా అడగాలా? మీరు భోజనానికి కూర్చునేసరికి ఇంట్లో కూర మిగులుతుందా? జబ్బు ఆమె లోపలే ఉందనుకుంటే చికిత్స కూడా ఆమెను మార్చడంతోనే ఆగిపోతుంది. ఆ ఇంటి లెక్క తెలిశాక ఆ దడకు అర్థం ఉందని ఆమెకూ తెలుస్తుంది, మాకూ తెలుస్తుంది.

థెరపిస్టు గదిలోనూ అధికారం ఉంటుంది. ప్రశ్నలు అడిగేది మేము, ఫైలులో రాసేది మేము, ఫీజు తీసుకునేది మేము. కాబట్టి నేను ఏం రాసుకుంటున్నానో అడిగే హక్కు ఎదుటివారికి ఉందని మొదటి రోజే చెబుతాను. ఇది మంచితనం కొద్దీ చెప్పే మాట కాదు. తన వైద్య రికార్డులు చూసే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే ఇచ్చింది.

చదువు ఉంది, అనుభవం ఉంది. మళ్లీ బృందం ఎందుకు?

ఒంటరిగా పనిచేసే థెరపిస్టు తనకు తెలియకుండానే ‘సర్దుకుపో’ వైపు జారిపోతారు. అందుకు. మేమూ ఈ ఇళ్లలోనే పెరిగాం. కాపురం నిలబెట్టడం ఆడదాని చేతుల్లోనే ఉందన్న మాట పుట్టినప్పటి నుంచీ విన్న చెవులే మావి. రెండేళ్ల ఎంఏతో ఆ మాట చెరిగిపోదు.

నాకు జరిగింది చెబుతాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏడు ఒకామె వచ్చేది. భర్త చేయిచేసుకుంటాడు. ‘‘ఆయన్ని కూడా పిలిచి ఒకసారి చెప్పండి మేడమ్’’ అని ఆమే అడిగింది. సరేనన్నాను. ఆయన పది నిమిషాలు ముందే వచ్చాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఆమె సోఫా అంచున కూర్చుని, యాభై నిమిషాల పాటు హ్యాండ్‌బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. నేను ఏది అడిగినా ముందు ఆయన వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగి, ‘‘అంతా బాగానే ఉంది మేడమ్, నేనే కొంచెం తొందరపడతాను’’ అంది. వాళ్లు వెళ్లాక నా నోట్సులో ‘ఇద్దరి మధ్య మాటలు మెరుగుపడుతున్నాయి’ అని రాసుకున్నాను. మరుసటి వారం ఆమె రాలేదు. బాగుపడి ఉంటుందనుకున్నాను.

రెండు నెలల తర్వాత, బృందంలో మొదటిసారి నేను మాట్లాడాల్సిన రోజున, ఆ నోట్సే చదివాను. వయసులో పెద్దావిడ ఒకరు ఒక్కటే అడిగారు: ‘‘ఆ గదిలో ఆమె నిజం చెప్పి ఉంటే, ఇంటికి వెళ్లే దారిలో కారులో ఏం జరిగేది?’’ నా దగ్గర జవాబు లేదు. హింస ఉన్న చోట ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ప్రమాదమని నేను చదువుకునే ఉన్నాను. ఆ రోజు గదిలో ఆ చదువు గుర్తు రాలేదు. సంసారం చక్కబడితే చాలన్న మాట మాత్రం, ఎవరూ పిలవకుండానే వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడాది తర్వాత ఆమె మళ్లీ వచ్చింది, ఈసారి ఒక్కతే. క్షమాపణ చెప్పుకున్నాను. ఇతర థెరపిస్టులకు ఈ సంగతి చెప్పడానికి ఆమె ఒప్పుకుంది. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను.

ఇలాంటివి అరుదనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో మూడోవంతుకు పైగా భర్త చేతిలో హింస చూసినవాళ్లే. నిద్ర పట్టడం లేదంటూ వచ్చేవాళ్లలో వాళ్లుంటారు. మేము అడగకపోతే వాళ్లు చెప్పరు.

ఇది పాశ్చాత్య దేశాల నుంచి తెచ్చుకున్న ఆలోచన కాదా?

కొంత అక్కడిదే, దాచడానికి ఏమీ లేదు. అమెరికాలో స్త్రీల పక్షాన నిలబడే మనస్తత్వవేత్తల సంఘం 1969లో ఏర్పడింది. 1970లో ఇంగె బ్రోవర్మన్, ఆమె సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరోగ్యవంతుడైన మగవాడు ఎలా ఉంటాడు, ఆరోగ్యవంతురాలైన స్త్రీ ఎలా ఉంటుంది, ఆడా మగా అని చెప్పకుండా ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎలా ఉంటారు అని మానసిక వైద్య రంగంలో ఉన్నవాళ్లనే అడిగారు. మగవాడి వర్ణన, మనిషి వర్ణన దాదాపు ఒకటే వచ్చాయి. స్త్రీ వర్ణన వేరుగా వచ్చింది. అంటే మంచి స్త్రీగా ఉంటే పూర్తి మనిషి కాదు, పూర్తి మనిషిగా ఉంటే మంచి స్త్రీ కాదు. ఇది నేను మొదటిసారి చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. లండన్‌లో 1976లో స్త్రీల థెరపీ కేంద్రం ఒకటి మొదలైంది. 1982లో అమెరికాలో స్త్రీవాద థెరపిస్టులు తమకంటూ ఒక సంస్థ పెట్టుకున్నారు.

హైదరాబాద్ కథ వేరు. ఇక్కడ స్త్రీవాదం ముందు వచ్చింది, థెరపిస్టులు తర్వాత వచ్చారు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగి, ఆమె భర్త ప్రాణం పోయినప్పుడు ఈ నగరం రోడ్ల మీదికొచ్చింది. ఆ రోజుల్లోనే ‘స్త్రీశక్తి సంఘటన’ అనే స్త్రీవాద బృందం రూపుదిద్దుకుంది. 1985లో అన్వేషి, 1991లో అస్మిత అనే స్త్రీల సంస్థలు వచ్చాయి. భూమిక అనే స్త్రీవాద సంస్థ 2006లో స్త్రీల కోసం హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. పాతబస్తీలో షాహీన్ అనే స్త్రీల సంస్థ పనిచేస్తోంది. కౌన్సెలర్ అన్న పేరు ఉన్నా లేకపోయినా, రాత్రి పదకొండింటికి తలుపు తట్టిన స్త్రీని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చివరిదాకా విన్న మనుషులు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. మా వృత్తికి పునాది వాళ్లే వేశారని నేను నమ్ముతాను. లండన్ గురించి చదివి వీళ్ల గురించి తెలియని థెరపిస్టులు మా దగ్గరకు వచ్చినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

సమావేశాల్లో ఏం జరుగుతుంది?

ముఖ్యంగా జరిగేది తోటివారి సమీక్ష. ఒకరు తమకు కొరుకుడు పడని కేసు ఒకటి చెబుతారు. మిగతావాళ్లు వెంటనే సలహా ఇవ్వకూడదు. మొదటి ఇరవై నిమిషాలు ప్రశ్నలే అడగాలి. ఆ ప్రశ్నలు క్లయింటు గురించి కన్నా థెరపిస్టు గురించే ఎక్కువ ఉంటాయి. ఆమె మీద మీకు ఎందుకు విసుగొచ్చింది? ఈ ఒక్కరి దగ్గరే గంట దాటి ఎందుకు కూర్చుంటున్నారు? ఆమె మామగారు మాట్లాడుతుంటే మీరు ఎందుకు తలవంచుకున్నారు?

రెండో సగం చదువుకో, మాటలకో. మాటలంటే తెలుగు మాటలు. మా చదువంతా ఇంగ్లిషులో జరిగింది. మా దగ్గరకు వచ్చేవాళ్ల బాధ తెలుగులో, దక్కనీలో, లంబాడీలో ఉంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ‘బౌండరీస్’ అన్న మాటకు తెలుగు వెతికాం. పుస్తకాల్లో ‘హద్దులు’ అని ఉంటుంది. ఎవరో అన్నారు, ‘‘హద్దుల్లో ఉండు అని మా నాన్న నన్ను తిట్టిన మాటే కదా అది!’’ అని. నిజమే. హద్దు అనే మాట మన భాషలో ఆడపిల్ల చుట్టూ ఇతరులు గీసిన గీత. తన కోసం తాను గీసుకున్న గీత కాదు. ‘పరిమితులు’ అంటే అశక్తత అనిపిస్తుంది. చివరికి మాకు దారి చూపింది ఒక క్లయింటు వాడిన మాట. ఆడపడుచు గురించి చెబుతూ, ‘‘ఆవిడ గుమ్మం దాకా రావచ్చు, వంటింట్లోకి మాత్రం నేను పిలిస్తేనే’’ అందామె. అప్పటి నుంచి మాలో చాలామంది ‘మీ గుమ్మం ఎక్కడ?’ అని అడుగుతున్నాం. అడగగానే వాళ్లకు అర్థమవుతుంది.

పాతబస్తీలో పనిచేసేవారు ‘ఘబ్రాహట్’ అన్న మాట తెచ్చారు. ఆందోళన, భయం, ఊపిరాడకపోవడం, ఏదో జరగబోతోందన్న దిగులు అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ‘మనసు బాలేదు’ అని మన స్త్రీలు చాలా అరుదుగా అంటారు. ‘ఒంట్లో నలతగా ఉంది’ అంటారు, ‘నరాలు లాగుతున్నాయి’ అంటారు. మనసు బాలేదంటే ఇంట్లో పట్టించుకోరు. ఒంట్లో బాలేదంటే ఒక పూట పడుకోనిస్తారు. ఇది పట్టుకోలేని థెరపిస్టు వాళ్లకు మానసిక బాధను గుర్తించడం చేతకాదని రాసేసుకుంటారు.

క్లయింటు సంగతులు పదిమందిలో మాట్లాడితే గోప్యత ఏమవుతుంది?

ఈ ప్రశ్న థెరపీకి వెళ్తున్నవాళ్లు అడిగినప్పుడు సంతోషిస్తాను, ఎందుకంటే అడగాల్సిన ప్రశ్న. 2017 చట్టంలోని 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా గుర్తించింది. కాబట్టి పేరు, ఉద్యోగం చేసే చోటు, కాలనీ, పిల్లల బడి ఏవీ చెప్పం. అయినా హైదరాబాద్ చిన్న ఊరే. కూకట్‌పల్లిలో ఫలానా జిల్లా నుంచి వచ్చిన ఫలానా కులం కుటుంబం అంటే చాలు, ఎవరో ఒకరికి బంధువులు అవుతారు. అందుకే ‘ఈ కథ నాకు తెలిసిన వాళ్లదేమో’ అని ఎవరికి అనిపించినా వెంటనే బయటకు వెళ్లిపోవాలన్నది మా నియమం. కారణం చెప్పనక్కరలేదు. వాట్సాప్‌లో కేసుల గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదు. బృందంలో మాట్లాడతామని క్లయింటుకు ముందే చెప్పాలి. వద్దంటే మాట్లాడకూడదు.

ఎవరు చేరవచ్చు? క్లినికల్ సైకాలజిస్టులేనా?

కాదు. క్లినికల్ సైకాలజిస్టులు 1992 చట్టం కింద భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. కౌన్సెలర్లు, ఇతర మానసిక ఆరోగ్య వృత్తుల వాళ్లను 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి తెచ్చారు. ఎవరికి ఏ అర్హత ఉందో బృందంలో అందరికీ తెలియాలి, లేని బిరుదు ఎవరూ పెట్టుకోకూడదు. అంతకు మించి తలుపు మూయడం నాకు ఇష్టం లేదు. స్వచ్ఛంద సంస్థల్లో, కుటుంబ సలహా కేంద్రాల్లో, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన సోషల్ వర్కర్లు మాలో ఉన్నారు. గృహహింస చట్టం కింద ఉండే రక్షణ అధికారితో ఎలా మాట్లాడాలో, పోలీస్ స్టేషన్‌లో ఏ కాగితం అడగాలో మాకు నేర్పింది వాళ్లే.

పురుషులకు ప్రవేశం ఉందా?

మా బృందంలో ఇద్దరున్నారు. మొదట్లో వద్దన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. తండ్రులతో, భర్తలతో పనిచేస్తూ వాళ్లు తెచ్చే కేసులు విన్నాక నా అభిప్రాయం మార్చుకున్నాను. స్త్రీలు మాత్రమే కూర్చునే రోజు ఒకటి విడిగా ఉంది, అది అలాగే ఉండాలి.

కులం, మతం గురించి మాట్లాడతారా? లేక అందరం ఆడవాళ్లమే అంటారా?

చాలా కాలం అందరం ఆడవాళ్లమే అన్నాం. అది తప్పు. థెరపిస్టుల్లో ఎక్కువమంది అగ్రకులాల నుంచి, ఇంగ్లిషు మీడియం నుంచి, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు నుంచి వచ్చినవాళ్లం. 2016లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాక విద్యార్థులు మా గదుల్లోకి వచ్చి కులం గురించి మాట్లాడితే, మాలో కొందరు దాన్ని ‘ఆత్మగౌరవం తక్కువగా ఉండటం’గా రాసుకున్నారు. బృందంలోని ఒక దళిత సహచరి ఆ నోట్సు విని లేచి వెళ్లిపోయింది. మూడు నెలలు రాలేదు. ఆమె తిరిగొచ్చింది కొన్ని షరతులతో: కేసు చెప్పేటప్పుడు థెరపిస్టు తన కులం, మతం ముందు చెప్పాలి, క్లయింటువి తర్వాత. మొదట్లో నోరు తిరగలేదు. ఇప్పుడు అలా చెప్పకుండా కేసు మొదలుపెడితే ఏదో దాచినట్టే అనిపిస్తుంది.

ముస్లిం స్త్రీ హిజాబ్ గురించి ఏమీ చెప్పకముందే దాన్ని ఆమె సమస్యగా తీసుకోవడం కూడా ఇలాంటిదే. ఆమె నిద్ర గురించి వచ్చింది. నిద్ర గురించే అడగండి.

క్వీర్, ట్రాన్స్ వ్యక్తులతో పనిచేసేవాళ్లు ఉంటారా?

ఉండాలి. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరం కాదని తేల్చింది. 2022లో జాతీయ వైద్య కమిషన్, ఇలాంటివాళ్లను ‘మామూలుగా’ మార్చేస్తామనే ‘మార్పు చికిత్స’ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. 2023లో తెలంగాణ హైకోర్టు నిజాం కాలం నాటి హిజ్రాల చట్టాన్ని కొట్టేసింది. ఇవన్నీ అయినా, ‘మా అమ్మాయిని మామూలుగా చేయండి’ అంటూ తల్లిదండ్రులు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. అలాంటి పని చేసే వాళ్లెవరూ మా బృందంలో ఉండరు. ఈ ఒక్క విషయంలో చర్చకు తావు లేదు.

చట్టం అడ్డొచ్చే సందర్భాల్లో ఏం చేస్తారు?

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం నేరం. ఈ సంగతి మొదటి సెషన్‌లోనే క్లయింటుకు తెలియాలి, తర్వాత చెబితే అది ద్రోహమే. పెద్దవాళ్ల విషయం వేరు. 2005 గృహహింస చట్టం కింద ఎవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చు. అయితే ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. మేము తొందరపెట్టం. ఇంట్లోంచి వెళ్లిపోయే సమయమే అత్యంత ప్రమాదకరమైనదని ఈ పనిలో ఉన్న వాళ్లందరికీ తెలుసు. డబ్బు, గుర్తింపు కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు, నమ్మకమైన ఒక ఇల్లు సిద్ధం చేసుకోవడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. బృందంలో ఒక న్యాయవాది ఉండటం ఎంత మేలో అప్పుడు తెలుస్తుంది.

మీరు ఆపదలో ఉన్నవారికి సాయం చేస్తారా?

మా బృందం హెల్ప్‌లైన్ కాదు. ప్రమాదంలో ఉంటే 112కి, స్త్రీల సహాయానికి 181కి ఫోను చేయండి. మానసిక ఆరోగ్య సహాయానికి 2022లో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ అనే ఫోను సేవ ఉంది. నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని 2017 చట్టం చెబుతోంది. కేసు పెడతారన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆపకండి.

ఫీజు కట్టలేని వాళ్లకు ఏదైనా దారి ఉందా?

మాలో ప్రతి ఒక్కరూ వారంలో రెండు గంటలు తక్కువ ఫీజుకో, ఉచితంగానో కేటాయిస్తారు. అది సరిపోదు, నాకు తెలుసు. ఇంట్లో చెప్పకుండా రెండు బస్సులు మారి వచ్చే స్త్రీకి ఫీజు కన్నా ఆ మూడు గంటల లెక్క చెప్పడమే కష్టం. అందుకే కొందరం బస్తీలకు వెళ్లి, స్వయం సహాయక సంఘాల సమావేశం ముగిశాక అక్కడే కూర్చుంటున్నాం.

బృందంలోని థెరపిస్టు తప్పు చేస్తే?

రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ముగ్గురు వింటారు, వారిలో ఒకరు బృందం బయటి వ్యక్తి. మాకు లైసెన్సు రద్దు చేసే అధికారం లేదు. కేసులు పంపడం ఆపగలం, బృందం నుంచి తీసేయగలం. ఒకసారి చాలా దగ్గరి స్నేహితురాలి విషయంలో అలా చేయాల్సి వచ్చింది.

మా జిల్లాలో ఇలాంటి బృందం లేదు. మొదలుపెట్టడం ఎలా?

నలుగురు చాలు. రిజిస్ట్రేషన్ గురించి మొదట ఆలోచించకండి. 2001 సొసైటీల చట్టం కింద నమోదుకు ఏడుగురు కావాలి, అది తర్వాతి మాట. ప్రతి నెలా ఒకే రోజు, ఒకే గది పెట్టుకోండి. తేదీ మారుతూ ఉన్న బృందాలు నాకు తెలిసి ఏడాది దాటలేదు. ఒకరే పెద్దగా కూర్చోకుండా, నెలకొకరు నడిపించండి. పెద్దావిడ ఒకరు ఉంటే మంచిదే, ఆవిడ మాటే చివరి మాట కాకుండా చూసుకోండి.

మొదటిసారి వస్తున్నాను. ఏం తెచ్చుకోవాలి?

మిమ్మల్ని నిద్రపోనివ్వని ఒక కేసు, పేర్లు లేకుండా. మీకు సిగ్గనిపించే నోట్సు ఉంటే అదే తీసుకురండి. మొదటి రోజు మాట్లాడనక్కరలేదు, వింటే చాలు. సమావేశం పదకొండింటికి మొదలవుతుంది, రెండింటి దాకా సాగుతుంది. మధ్యలో టీ ఉంటుంది, ఎవరో ఒకరు ఇంటి నుంచి సకినాలో పులిహోరో తెస్తారు. చంటిపిల్లలున్న వాళ్లు పిల్లల్ని తీసుకురావచ్చు, పక్క గదిలో ఒక చాప పరిచి ఉంటుంది.